చివరి వాయిదా తీరిన తేదీ

కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం దానికి నిబంధనలు రాసి, వాటి వెనక కొన్ని నమూనా ఫారాలు చేర్చింది. వాటిలో 22వది అడ్వాన్సుల రిజిస్టరు. కూలి పేరు, తండ్రి పేరు, చేసే పని, ఇచ్చిన అడ్వాన్సు, ఇచ్చిన తేదీ, ఎందుకోసం ఇచ్చారు, ఎన్ని వాయిదాల్లో తీరాలి, ఏ వాయిదా ఎప్పుడు ఎంత కట్టారు. ఇవన్నీ అయ్యాక ఒక గడి: చివరి వాయిదా తీరిన తేదీ.

ఈ గడి పెట్టినవాళ్ళకు వెట్టి ఎలా పుడుతుందో బాగా తెలుసు. మనిషిని కట్టిపడేసేది అప్పు మొత్తం ఎంతన్నది కాదు. అది ఎప్పుడు తీరుతుందో అతనికి తెలియకపోవడం. లెక్క కూలీలను పనికి తెచ్చే మేస్త్రి నోట్లో ఉన్నంతకాలం తిండి ఖర్చు, బస్సు చార్జీ, జ్వరమొచ్చి మానేసిన రోజులు అన్నీ అందులో కలుస్తూనే ఉంటాయి. ఫారం 22 ఆ లెక్కను కాగితం మీదికి లాగి, ప్రతి అడ్వాన్సుకూ ఒక ముగింపు ఉండి తీరాలంది. ఆ గడి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటే తనిఖీకి వచ్చినవాళ్ళు కారణం అడిగే వీలుండేది.

గుంతకల్లులో ఈ కాగితం విలువ ఎక్కువ. ఊరు రైల్వే డివిజన్ కేంద్రం. బళ్ళారి, రాయచూరు, ధర్మవరం, రేణిగుంట, నంద్యాల వైపు లైన్లు కలిసేచోట ప్లాట్‌ఫారాలు ఊడవడం, పెట్టెలు కడగడం, దుప్పట్లు ఉతకడం లాంటి పనులు కాంట్రాక్టు మీద నడుస్తాయి. చుట్టూ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. వేరుశనగ ఎండిన ఏడు కొందరు గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోతల వలసకు, పోతారు, కొందరు బెంగళూరుకు బేల్దారి పనికి పోతారు. పాతిక ముప్పై మందితో క్లీనింగ్ పని పట్టిన చిన్న కంపెనీకి మనుషులు కావాలంటే ఓనరు ఊళ్ళు తిరగడు, మేస్త్రికి చెబుతాడు. మేస్త్రి ఎండాకాలంలోనే తలా ఇంత అడ్వాన్సు పంచి ఉంటాడు. ఓనరు పుస్తకాల్లో ఆ డబ్బు కనబడదు. ఆధునిక బానిసత్వం మా కంపెనీలో లేదని ఆయన నిజాయితీగానే అనొచ్చు. తనకు తెలియని అప్పు ఒకటి తన కాంట్రాక్టు కింద పనిచేస్తోందని మాత్రం గమనించడు.

మేస్త్రి చేతిలో ఏం జరుగుతుందో సుప్రీంకోర్టు ఒక్క రూపాయిలో చూపించింది. 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో కట్టడాలు లేపుతున్నప్పుడు కూలీల కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. ఆ డబ్బు మేస్త్రీల్లాంటి జమాదార్ల చేతుల మీదుగా వచ్చేది. తలకు ఒక రూపాయి కమీషన్ పోగా కూలికి 8.25 అందేది. ఆకలికి తాళలేక మనిషి కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకుంటే అదీ బలవంతపు చాకిరీయేనని, రాజ్యాంగం 23వ అధికరణ దాన్ని నిషేధించిందని జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ ఏడాది సెప్టెంబరులో తేల్చారు. నాలుగు నెలలకే రాజస్థాన్ కరువు పనుల కేసు, సంజిత్ రాయ్ కేసు, వచ్చింది. కరువు సాయం పేరుతో కూలి తగ్గించడానికి వీల్లేదని అందులో చెప్పారు. గుంతకల్లు ఉన్న అనంతపురం జిల్లా వాసి ఎవరైనా ఈ రెండో తీర్పును తన ఊరి గురించి రాసినట్టే చదువుకుంటారు.

ఆ రూపాయి జారిపోకుండా 1971 నిబంధనలు వేసిన కట్టు చూడండి. జీతం పనిరోజున, పనిచోట, పనివేళల్లోనే ఇవ్వాల్సి ఉండేది. అంటే మేస్త్రి ఇంటి అరుగు మీద కాదు, సారా దుకాణం దగ్గర అంతకన్నా కాదు. ఏ రోజు, ఎక్కడ, ఎన్నింటికి ఇస్తారో ముందే నోటీసు అంటించాలి. డబ్బు కూలి చేతికే, లేదంటే అతను రాసిచ్చిన మనిషికే ఇవ్వాలి. అన్నిటికన్నా నాకు నచ్చింది 1970 చట్టం 21వ సెక్షన్. పని ఇచ్చిన సంస్థ తన ప్రతినిధిని జీతాల బల్ల దగ్గరికి పంపాల్సి ఉండేది. ఆయన కళ్ళారా చూసి, ఈ మొత్తం ఫలానా తేదీన ఫలానా చోట నా ఎదుటే ఇచ్చారని రిజిస్టరు చివర సంతకం పెట్టాల్సి ఉండేది. కాంట్రాక్టరు ఎగ్గొట్టినా, తక్కువిచ్చినా ఆ లోటు పని ఇచ్చిన సంస్థే కూలికి కట్టి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులో కోసుకోవాలి.

బ్రిటన్ 2015లో ఆధునిక బానిసత్వ చట్టం చేసింది. ఏటా 3.6 కోట్ల పౌండ్లు లేదా అంతకు మించి వ్యాపారం చేసే కంపెనీలు తమ సరఫరా గొలుసులో వెట్టి లేకుండా ఏం చేశాయో ఒక ప్రకటన ఇవ్వాలని అందులో ఉంది. మంచి చట్టమే. కానీ ప్రకటన ఆఫీసులో కూర్చుని రాయొచ్చు. మన పాత నిబంధన మనిషిని లేపి కూలి డబ్బు చేతులు మారే చోటికి పంపింది. పనితనంలో మనదే మెరుగని నా గట్టి నమ్మకం.

దీనికి జోడీ 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం. అందులో 15వ సెక్షన్ చిన్నది. ఇది వెట్టి అప్పు అని కూలి అంటే, కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడే. నోటు లేనివాడు, చదువు రానివాడు సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. ఈ చట్టాన్ని ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ మన రాష్ట్రంలో ఊరూరా జీతగాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళారు. 2010లో కన్నుమూసేదాకా ఆయన ఆ మనుషుల పక్షానే ఉన్నారు.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి 1970 చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. అప్పట్లో 20 మంది కాంట్రాక్టు కార్మికులుంటే చట్టం వర్తించేది, ఇప్పుడా గీత 50. జీతం బ్యాంకులో వేయాలన్నారు, అది మేలే. అయితే ఖాతా కూలిదై ఏటీఎం కార్డు మేస్త్రి జేబులో ఉంటే ఆసియా క్రీడల నాటి రూపాయి మళ్ళీ పుడుతుంది. రైల్వే 2018లో తెచ్చిన శ్రామిక్ కల్యాణ్ పోర్టల్‌లో జీతం పడిందని కనబడుతుంది, కార్డు ఎవరి దగ్గరుందో కనబడదు.

అందుకే పాతిక మంది కంపెనీ, చట్టం అడగకపోయినా, అడ్వాన్సుల రిజిస్టరు, కూలి చేతికి డబ్బు అందడం కళ్ళారా చూడడం అనే ఆ రెండు పాత అలవాట్లను ఉంచుకోవాలి. పనిలోకి తీసుకునే రోజునే, మేస్త్రి లేని చోట, ఒక్కొక్కరినీ అడగాలి: ఇక్కడికి వచ్చేముందు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నావు? ఆ మొత్తాన్ని కంపెనీ రిజిస్టరులోకి ఎక్కించి, వాయిదాలు రాసి, కార్డు అతని చేతిలోనే ఉందో లేదో చూడాలి. మేస్త్రి కమీషన్ కంపెనీయే విడిగా ఇవ్వాలి, కూలి జీతంలోంచి కాదు. యూనిఫారాల బట్ట తమిళనాడు నూలు మిల్లుల నుంచి వస్తుంటే సరఫరాదారుకూ ఇదే ప్రశ్న వేయాలి. సుమంగళి పథకం పేరుతో ఆడపిల్లలను మూడేళ్ళు నిలబెట్టి, డబ్బు చివర్లో ఇస్తామన్న మిల్లులు అక్కడివే. వాళ్ళకు జీతం నెలనెలా చేతికి అందుతోందా, మధ్యలో మానేస్తే అప్పటిదాకా చేసిన పనికి డబ్బు ఇస్తారా అన్నది ఆర్డరు ఇచ్చేముందే తేలాలి.