'అస్పష్టము' అను మాట

పద్యమొకటి తమకు బోధపడనపుడు మన విమర్శకులు వాడెడి మాట యొకటి కలదు: 'అస్పష్టము'. విద్యార్థి వ్రాసిన వ్యాసపు టంచున ఉపాధ్యాయుడు గీయునదియు నీ మాటయే. నా చిన్ననాట నా వ్యాసముపైన ఎఱ్ఱసిరాతో నిది పడినది. ఏ వాక్యము, ఏ కారణమున అని తెలియక, నేనా వ్యాసమునే మఱింత గుండ్రని యక్షరములతో తిరిగి వ్రాసి యిచ్చితిని. తరగతి యంతయు నవ్వినది. కాని ఆ బాలుడు మాటను సరిగనే గ్రహించెనని నాకిప్పుడు తోచుచున్నది.

ఏలయన, 'స్పష్ట' శబ్దమును భాషాచరిత్రకారులు చూచుట యను అర్థముగల స్పశ్ ధాతువుతో ముడిపెట్టుదురు. సంస్కృతమున స్పశుడనగా వేగులవాడు. కాబట్టి కంటికి తేటగా నానని దానికి, అనగా అరిగిపోయిన శాసనమునకును, మంచులోని కొండకును, అలికిన సంతకమునకును ఈ మాట మొదట తగును. దీపము పెంచినను, అద్దము పట్టినను ఆ కొఱత కొంత తీరవచ్చును.

'సందిగ్ధము' అట్టిది కాదు. దాని ధాతువు దిహ్. పూయుట, పులుముట యని యర్థము. ఒక వీలునామాలో "నా ఆస్తి నా తమ్ముని కుమారునకును కుమార్తెకును చెరిసగము" అని యున్నదనుకొందము. అక్షరములు ముత్యములు, తెలియని పదమొక్కటియు లేదు. అయినను ఆ కుమార్తె యెవరి కుమార్తె? తమ్ముని కుమార్తెయా, వ్రాసినవాని కుమార్తెయా? అడుగుదమన్న వ్రాసినవాడు లేడు. ఇచట ఎన్ని దీపములు పెట్టినను లాభమేమి? రెండు కుటుంబములు న్యాయస్థానపు మెట్లెక్కుటకు ఆ యొక్క షష్ఠీవిభక్తి చాలును. కుమార్తెకు ముందు 'నా' యనియో 'అతని' యనియో ఒక్క పదము చేర్చియున్నచో ఆ వ్యాజ్యమే పుట్టదు. ఇట్టి వాక్యమును 'అస్పష్ట'మని విడిచినవాడు రోగమునకు పేరు మార్చి మందడిగినవాడు.

మన యాలంకారికులు ఈ విషయమున మనకంటె జాగరూకులు. మమ్మటుడు కావ్యప్రకాశమున సప్తమోల్లాసమందు దోషములను వివరించుచు సందిగ్ధమును వేఱు చేసెను; ఒక శాస్త్రమువారికి మాత్రమే తెలిసిన పదము వాడుట అప్రతీతమనెను; అర్థము చుట్టుదారిని, ఆలస్యముగా చేరునది క్లిష్టమనెను. నేటి ప్రభుత్వ ప్రకటనల తెలుగు చూడుడు. ఇంగ్లీషు మాటకు బదులుగా కూర్చిన సంస్కృత సమాసము కార్యాలయమున కూర్చున్నవానికి తప్ప పింఛను కొఱకు వచ్చిన ముసలమ్మకు తెలియదు. అది అప్రతీతము. అస్పష్టమనుట వలన తప్పు కాగితముపైనుండి జాఱి, పాపము, ఆ ముసలమ్మ కన్నులపైకి పోవుచున్నది.

ఇక కవిత్వము. సంశయము పుట్టింపవలెననియే కవి పలికినచో అది దోషముగాక అలంకారమే యగునని దండి కావ్యాదర్శమున చెప్పెను. పింగళి సూరన రాఘవపాండవీయమున రామకథయు భారతకథయు ఒకే పద్యమున నడచును. అది సందిగ్ధము కాదు, కవికి రెండర్థములును కావలసినవే. భావకవులపైని కూడ నీ యస్పష్టతా నింద పడినది. కొన్ని గీతములయందు మంచువంటి మసక నిజముగనే కలదు. అది లోపమని నేననజాలను. కొన్నింట మాత్రము చెప్పదలచినదే లేదు. అట్టి దానిని శూన్యమనవలెను. అస్పష్టమనుట దానికి మర్యాద చేయుటయే.

నా వ్యాసమును మొన్న తీసి చూచితిని. ఎఱ్ఱసిరా వెలిసినది, నా యక్షరములు మాత్రము నేటికిని గుండ్రముగనే యున్నవి. మూడవ వాక్యమున 'వాడు' అని యున్నది. అంతకు ముందు ఇద్దఱు మనుష్యులున్నారు. అంచున "ఎవడు?" అని వ్రాసియున్నచో చాలియుండెడిది.