ఏ చెట్టు కల్లు? ఏ పూట కల్లు?

పండుగకు మాంసం కొనేటప్పుడు మనం ఎంత పట్టుబడతాం! పొట్టేలుదా మేకదా, తొడా నల్లా, పొద్దున కోసిందా నిన్నటిదా అని నాలుగు మాటలు అడగనిదే సంచి చాపం. ఆ కూర పక్కన పెట్టుకునే కల్లు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రెండు సీసాలియ్యి" అని ఊరుకుంటాం. ఏ చెట్టుది, ఎప్పుడు దించింది, ఎవరు గీసింది, ఒక్కటీ అడగం. తెలంగాణ తిండి విషయంలో ఇంతకు మించిన అన్యాయం నాకు కనబడదు. కల్లును ఎంచుకోవడం, రుచి చూడడం, ఏ కూరకు ఏ కల్లని జత కుదర్చడం మన పల్లెల్లో ఒక విద్య. ఆ విద్య నాలుక మీది నుంచి జారిపోయింది గనుకనే పొడి కలిపిన నీళ్లు కల్లు పేరుతో చలామణి అవుతున్నాయి.

కాకతీయుల నాటి నుంచే ఈ వృత్తి ఉందని మా దిక్కు పెద్దలు చెబుతారు. ఉండే ఉంటుంది. 1708లో వరంగల్ కోట మీద పడ్డ సర్వాయి పాపన్న కల్లు గీసే గౌండ్ల ఇంటి బిడ్డ అన్న ఒక్కమాట చాలు నాకు, ఈ కులవృత్తి ముందు తల వంచడానికి.

గీత సంగతికి వద్దాం. తెల్లవారుజామున మోకు, ముస్తాదు, గుజి వంటి ఎక్కే సరంజామా సర్దుకుని అరవై డెబ్బై అడుగుల తాటి మీదికి మనిషి ఎక్కుతుంటే కింద నిలబడి చూడండి. ఒక్క చెట్టు కాదు, పొద్దునా సాయంత్రమూ పది పదిహేను చెట్లు. పైకి చేరాక అసలు పని మొదలు. లేత గెలలను కట్టి, మెల్లగా నలిపి, రోజుల తరబడి మచ్చిక చేసుకోవాలి. ఆ తర్వాత కొనను పలచగా, ఉల్లిపొర మందాన చెక్కాలి. మందంగా కోస్తే గెల కాలం తీరకముందే అయిపోతుంది. మొద్దు కత్తితో గీస్తే గాయం మూసుకుపోయి ధార ఆగిపోతుంది. చేయి తెలిసిన గౌడు గీసిన గెల చివర చూస్తే అద్దంలా నున్నగా ఉంటుంది. అలా గీసినవాడు కొత్తగా గీసినవాడి కంటే ఎన్నో వారాలు ఎక్కువగా అదే గెల నుంచి కల్లు రాబడతాడు. పట్నంలో మనం ఎవరెవరినో కళాకారులంటాం. మోకు మీద ఒళ్లంతా వెనక్కి వాల్చి, గాలికి ఊగే చెట్టు మీద ఉల్లిపొర మందాన చెక్కేవాణ్ణి మాత్రం ఏమీ అనం.

ఈతది మరో పద్ధతి. ఇక్కడ గెల కాదు, మొవ్వ కింది కాండమే. పాత మట్టలు కొట్టేసి, ఒక పక్క తెల్లటి గుజ్జు కనబడేలా చెక్కి, ధార మట్టి లొట్టిలోకి జారేలా గాటు పెడతారు. ఈ ఏడు ఒక ముఖం, వచ్చే ఏడు ఎదుటి ముఖం. అందుకే ముసలి ఈత చెట్టు మెట్లు మెట్లుగా కనబడుతుంది. ఆ మెట్లు లెక్కపెట్టి చెట్టు ఎన్నేళ్లుగా గీతలో ఉందో చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. ఆశకు పోయి లోతుగా కోసిన చెట్టు ఎండిపోతుంది. ముఖాన్ని ఆరనిచ్చి, విరామమిచ్చి గీసిన చెట్టు తరాల పాటు ఇస్తుంది.

కల్లు చెట్టు మీదే పులవడం మొదలుపెడుతుంది. ధారలో పది పన్నెండు శాతం చక్కెర ఉంటుంది. గాలిలోని, లొట్టి గోడల్లోని ఈస్టు దాన్ని పట్టుకుంటే కొద్ది గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాలు తయారవుతుంది. దానితోపాటే పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులు సన్నటి పులుపు చేరుస్తాయి. మర్నాటికి ఆ పులుపు సిర్కా దారి పడుతుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులవడం ఆగుతుంది, అది నీరా. నిన్నటి మడ్డి కడగకుండా అదే లొట్టి కడితే పొద్దున్నే పుల్లటి కల్లు దిగుతుంది. అందుకే శుభ్రం తెలిసిన గౌడు రోజూ లొట్టి కడిగి బోర్లిస్తాడు. కల్లు బాగుందా అని అడిగేముందు ఆయన లొట్టి లోపలికి ఒకసారి చూడండి.

ఇక ఎంపిక. చలికాలం ఈతది. సంక్రాంతి పూట, మంచు విడవకముందు దించిన ఈత కల్లు తీయగా, చల్లగా, తేలికగా ఉంటుంది. దాని పక్కకు కారం ముద్దకూరలు తేకండి, పాపం. నువ్వులూ వామూ వేసిన సకినాలు, సర్వపిండి, ఉప్పు చల్లిన ఉడికిన బొబ్బర్ల గుడాలు చాలు. నువ్వుల చేదుకు ఆ తీపి సరిగ్గా అతుకుతుంది. మధ్యాహ్నానికి అదే కల్లు తీపి వదిలి పులుపెక్కుతుంది. అప్పుడు కోడి కూర తెచ్చుకోండి.

తాటి కల్లులో పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని గీసేవాళ్లు వేరు చేసి చెబుతారు. పోద్దాడు మగచెట్టు. నేను పోద్దాటి పక్షం. ఈత పక్షం వాళ్లతో ఈ విషయంలో రాజీ లేదు. పొద్దెక్కాక పోద్దాటి కల్లులో ఒక మొగతనం ఉంటుంది. నురుగు ముక్కుకు తగులుతుంది, పులుపు నాలుక పక్కల పట్టుకుంటుంది, తీపి చివర్లో ఎక్కడో మెరుస్తుంది. నల్గొండ దిక్కు నాటుకోడి పులుసుకు, బోటి కూరకు, మిరియం దట్టించిన తలకాయ కూరకు ఎదురు నిలబడగలిగింది అదొక్కటే. కొవ్వున్న మాంసం నోట్లో పూత పూసినప్పుడు ఆ పులుపే కడిగేస్తుంది, మళ్లీ ముక్క కొత్తగా తగులుతుంది. తీపి కల్లుతో బోటి తిన్నవాడికి ఈ మాట అర్థం కాదు. వాడికి కూర కారంగానూ, కల్లు చప్పగానూ తోస్తాయి. కల్లుకు గానీ కూరకు గానీ వంక పెట్టక్కర్లేదు, జత తప్పిందంతే.

పచ్చిపులుసు ఉన్న పూట పుల్లటి కల్లు వద్దు, రెండు పులుపులు కొట్లాడుకుంటాయి. బతుకమ్మ మలీదముద్దల పక్కకు ఏ కల్లూ వద్దు. ఎండుచేపల వేపుడుకు సాయంత్రం దించిన తాటి కల్లు. రోజువారీ తిండికైతే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, మిరపకారం, ఒక ముంత కల్లు. ఎండలో పని చేసి వచ్చిన కూలి మనిషి కనిపెట్టిన ఈ జతను మించింది ఏ పెద్ద హోటల్లోనూ నాకు దొరకలేదు.

రుచి చూసే తీరు కూడా చెప్తాను. ముందు రంగు. మంచి కల్లు బియ్యం కడిగిన నీళ్లలా మసక తెలుపు. మరీ పాలలా మెరిస్తే అనుమానించండి. తర్వాత చెవి. లొట్టి మూతికి చెవి పెడితే సన్నగా చిటపటలు వినబడాలి. నురుగు చిన్న చిన్న బుడగలతో పుడుతూ పోతూ ఉండాలి, సబ్బు నురుగులా గడ్డకట్టి కూర్చోకూడదు. మూతికి కట్టిన పీచులో నాలుగు చీమలు, ఒక తేనెటీగ చిక్కుకుని ఉంటే మొహం చిట్లించకండి. అవి అబద్ధం చెప్పవు. తాటాకు రేకలో తాగితే పచ్చి ఆకు వాసన కూడా కలుస్తుంది. మొదటి గుక్కను వెంటనే మింగకుండా నాలుక మీద ఆపి, తీపి ముందొచ్చిందా పులుపు ముందొచ్చిందా చూసుకోండి. మా ఊరి గౌడ్ తాత రేక పట్టించి "ఎట్లుంది బిడ్డా?" అని అడిగేవాడు. "మంచిగుంది తాతా" అంటే ఒప్పుకునేవాడు కాదు. "మంచిగుందంటే ఏంది? తీపా, పులుపా, ఒగరా? ఏ చెట్టుదో చెప్పు" అనేవాడు. ఆయన రేక మీద ముక్కు పెట్టి చెట్టు చెప్పేవాడు. వనంలో ఏ మూల చెట్టో కూడా చెప్పేవాడు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష కాలం. అసలు కల్లు గంటగంటకూ మారుతుంది. పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. జనవరిలో ఉన్నట్టు మే నెలలో ఉండదు. ఏడాది పొడవునా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే రుచితో ఒకే మత్తుతో దొరికేది ఏదైనా సరే, చెట్టు మీద పుట్టలేదు.

ఇక్కడే నాకు కోపం ఆగదు. క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం. ఇవి మందుల షాపులో డాక్టరు చీటీ ఉంటే తప్ప ఇవ్వకూడని మందులు. వీటిని నీళ్లలో కలిపి, తీపికి శాకరిన్ వేసి, సీసాలో పోసి కల్లంటున్నారు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాడులు జరిగి ఈ మందు కల్లు ఒక్కసారిగా ఆగిపోతే జనం వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆసుపత్రుల ముందు వరసకట్టారు. చెట్టు కల్లు మానేస్తే ఎవరికైనా అలా అవుతుందా? 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ఏకంగా ప్రాణాలే తీసింది. అడ్డా మీది కూలీలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు. పగలంతా ఇటుకలు మోసి కాసింత ఉపశమనం కోసం వచ్చినవాళ్లు. హైదరాబాద్ చుట్టూ తాటివనాలు వెంచర్లయ్యాయి, తాళ్లు ఇటుక బట్టీలకు పోయాయి. మూసేసిన కల్లు దుకాణాలు నగరంలో 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. చెట్లు మాత్రం తిరిగి రాలేదు. మరి ఆ దుకాణాల్లోకి అంత కల్లు ఎక్కడి నుంచి దిగుతోంది? లెక్క తెలియనివాడు ఎవడూ లేడు. దసరా వేళ అయితే మరీ ఘోరం. అప్పటికి తాటి వెనకబడుతుంది, ఈత ఇంకా పూర్తిగా అందుకోదు, అడిగేవాళ్లేమో పదింతలు.

ఈ పాపం గీసేవాడి మీద వేసేవాళ్లను చూస్తే ఇంకా మండుతుంది. పొడి కలిపేవాడు చెట్టెక్కడు. చెట్టెక్కేవాడికి పొడి అక్కర్లేదు. బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు గీత కార్మికులను కూడగట్టి, చెట్టు గీసేవాడికే చెందాలని కొట్లాడింది ఈ దళారీ రాజ్యం పోవాలనే. ఆ కొట్లాట ఫలితంగానే సొసైటీలు వచ్చాయి, గీసేవాడి పేరిట లైసెన్సులు వచ్చాయి. అయినా ఇవాళ చాలాచోట్ల పేరు ఒకరిది, దుకాణం ఒకరిది. గీసినవాడికి మిగిలింది విరిగిన నడుము. 2024లో ప్రభుత్వం గీతవాళ్ల దేవుడు కాటమయ్య పేరుతో చెట్టెక్కేవాళ్లకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని, ప్రతి గౌడుకూ అందాలి. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ పెట్టారు, అదీ మంచిదే. కానీ నీరా కల్లు కాదు. సున్నం పూసిన లొట్టి పోద్దాటి కల్లుకు బదులు కాలేదు. కల్లును కల్లుగానే గౌరవించే రోజు రావాలి.

బోనాల పూట అమ్మవారికి సాక పోసేది కల్లు. ఇంటికొచ్చి మనం తెరిచేది విస్కీ సీసా. దేవతకు చెట్టుది, మనకు ఫ్యాక్టరీదా? మటన్ కూరను విస్కీతో తినేవాడికి కూర రుచి మూడో ముక్కకే పోతుంది. ఆ ఘాటుకు నాలుక మొద్దుబారుతుంది. నాలుగైదు శాతం ఉన్న కల్లు మాత్రం భోజనం చివరి దాకా తిండితో కలిసి నడుస్తుంది.

ఎక్సైజ్ శాఖ వారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి కల్లు దుకాణం గోడ మీద ఆ దుకాణానికి ఎన్ని చెట్లున్నాయో, ఏ ఊళ్లో ఉన్నాయో, పరీక్షలో ఏం తేలిందో తెలుగులో రాసి పెట్టించండి. తాటిచెట్టు గీతకు రావడానికి పన్నెండేళ్లు పైనే పడుతుంది. ఉన్న చెట్టును నరకనివ్వకండి. పాఠకులకు కూడా ఒక మాట. ఈ సంక్రాంతికి సీసా కొనకండి. పొద్దున్నే లేచి దగ్గర్లోని ఈతవనానికి వెళ్లండి. ఏ చెట్టుది, ఎప్పుడు దించావు అన్నా అని అడిగి, రేక పట్టి తాగి, గీసిన మనిషి చేతికే డబ్బులివ్వండి. బేరమాడకండి.