ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళిక – ఫలితాల మదింపు: విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
భారతదేశం 2014 జూన్‌లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తిస్థాయి సభ్యత్వం పొందిన తరువాత, ఇంజనీరింగ్ విద్యలో ఫలితాధారిత విద్యకు ప్రాధాన్యం పెరిగింది. అధ్యాపకుడు ఏమి బోధించాడన్నదానికంటే, విద్యార్థి ఏమి చేయగలుగుతున్నాడన్నదే ఇందులో ప్రమాణం. ఈ భావన సమంజసమైనదే. దాని ఆచరణను, అందులో భాష స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. మదింపు విధానం:
ప్రతి కోర్సుకు కొన్ని అభ్యసన ఫలితాలను నిర్దేశించి, వాటిని నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ సూచించిన ప్రోగ్రామ్ ఫలితాలతో 1, 2, 3 అంకెల ద్వారా అనుసంధానిస్తారు. సాధన స్థాయిని ప్రధానంగా పరీక్షల మార్కుల నుండి లెక్కిస్తారు. చాలాకాలం అమలులో ఉన్న పన్నెండు ఫలితాల జాబితాలో పదవది భావప్రసారం. "భావప్రసార అవరోధాలను వివరించండి" అన్న ప్రశ్నకు జవాబును కంఠస్థం చేసి రాసినా, ఆ మార్కులు పదవ ఫలితం ఖాతాలోనే చేరతాయి. కొలిచినది జ్ఞాపకశక్తిని, నమోదైనది సామర్థ్యంగా. పైగా, లక్ష్యం చేరనప్పుడు బోధనను మార్చవచ్చు, లేదా లక్ష్యాన్నే తగ్గించవచ్చు. రెండవది సులభం.

3. భాష స్థానం:
మన కళాశాలలలో భావప్రసారమంటే ఆంగ్లమనే అర్థం స్థిరపడింది. కాని ఆ ఫలితపు నిర్వచనంలో ఇంజనీర్లతో పాటు సమాజం కూడా ఉంది. ఏ భాష పేరూ లేదు. కాలువ గట్టున రైతుకు నీటి వంతులను, పనిచోట తాపీ మేస్త్రీకి కాంక్రీటు పాళ్లను చెప్పవలసింది తెలుగులోనే. 2021-22 విద్యాసంవత్సరం నుండి ఏఐసీటీఈ తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఇంజనీరింగ్ బోధనకు అనుమతించింది. అయితే మాధ్యమం మార్చకుండానే చేయదగిన పని ఒకటుంది. చివరి సంవత్సరపు ప్రాజెక్టును ఆ శాఖకు చెందని శ్రోతకు తెలుగులో వివరించే పది నిమిషాల మౌఖిక పరీక్షను ప్రవేశపెట్టవచ్చు. తెలుగు మాతృభాష కాని విద్యార్థులకు వారి భాషలోనే అవకాశమివ్వాలి. విషయం నిజంగా అర్థమైనదీ లేనిదీ అక్కడ తేలుతుంది.

4. మెరుగుదలకు అవరోధం:
అనుబంధ కళాశాల ఫలితాలను కొలుస్తుంది. సిలబస్‌ను మార్చే అధికారం విశ్వవిద్యాలయ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ది. కొలిచే చేయి ఒకటి, దిద్దే చేయి మరొకటి. హైదరాబాదు జేఎన్టీయూలో ఆర్18 తరువాత ఆర్22 వచ్చినట్లుగా, నిబంధనలు కొన్నేళ్లకొకసారి మారుతుంటాయి. అట్టి ప్రతి మార్పుకూ కళాశాలల సాధన నివేదికలు తప్పనిసరి ఆధారం కావాలి. ఏ లోపాన్ని బట్టి ఏ పాఠ్యాంశం మారిందో ప్రకటించాలి. అప్పుడే నివేదిక తనిఖీ బృందం కోసం భద్రపరచే దస్త్రంగా మిగిలిపోదు.

5. ముగింపు:
మదింపు విద్యార్థిని గురించి నిజం చెప్పాలి. ఆ నిజం పాఠ్యప్రణాళికను మార్చగలగాలి. ఈ రెండూ లేనప్పుడు పట్టికలు నిండుతాయి గాని, పట్టభద్రుని కొరత పూడదు. ఆ కొరతకు మూల్యం చెల్లించేది తొలి ఉద్యోగంలో అడుగుపెట్టిన విద్యార్థే.