మొలక నుంచి నురగ దాకా

బీరంటే చల్లటి సీసాలో దొరికే మత్తు అనుకునేవాళ్లు ఒక్కసారి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వారపు సంతకు వెళ్లాలి. మా భిలాయి నెహ్రూనగర్ నుంచి జగదల్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. అక్కడి సంతల్లో ఆదివాసీ స్త్రీలు కుండలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఆకు దొన్నెలో పోసి ఇచ్చే ఆ తెల్లటి, చిక్కటి, పుల్లపుల్లని పానీయం పేరు లాందా. అది కల్లు కాదు, సారా అసలే కాదు. అచ్చమైన బీరు. ధాన్యాన్ని మొలకెత్తించి, ఆ మొలకలో పుట్టిన ఎంజైములతో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, దాన్ని ఈస్ట్‌తో పులియబెడితే బీరవుతుంది. జర్మనీలో బార్లీతో జరిగేది, బస్తర్‌లో మొక్కజొన్న మొలకతో జరిగేది ఒకే పని.

ఆ పనితనం చూసి తీరాలి. బియ్యం నానబెట్టి దంచి పిండి చేస్తారు. పొయ్యి మీద నీళ్ల కుండ, దాని మూతి మీద వెదురు బుట్ట, బుట్టలో ఆ పిండి. ఆవిరికి పిండి మెత్తగా ఉడుకుతుంది. వేరుగా మొక్కజొన్న గింజలను తడిపి మొలకెత్తించి, ఎండబెట్టి, పొడి కొట్టి ఉంచుతారు. ఉడికిన పిండి చల్లారాక నీళ్లు, మొలకల పొడి కలిపి కుండ మూస్తారు. ఎండాకాలమైతే రెండు మూడు రోజులు, చలికాలమైతే వారం దాకా పడుతుంది. మరీ వేడి మీద మొలకల పొడి కలిపితే ఎంజైములు దెబ్బతింటాయి. ఆలస్యం చేస్తే పులుపు ముదిరిపోతుంది. థర్మామీటరు లేకుండా, గడియారం చూడకుండా, చేతి స్పర్శతో, వాసనతో ఆ రెండు హద్దుల మధ్య నిలబడే స్త్రీని మించిన బ్రూమాస్టర్ ఎవరు? జశ్‌పూర్, సర్గుజా వైపు మూలికలు కలిపిన రాను గోళీలతో పులియబెట్టి హండియా అనే పానీయం చేస్తారు. దాని రుచి దానిదే. నా ఓటు మాత్రం లాందాకే.

ఇప్పుడు ఇదే విద్యను స్టీలు పాత్రల్లో చూద్దాం. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల గరాజుల్లో, కారు పక్కనే, శంఖాకారపు అడుగున్న ఫెర్మెంటర్ నిలబడి ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్ట్‌ను మరపట్టి 62 నుంచి 69 డిగ్రీల వేడినీటిలో గంటసేపు నానబెడతారు. 63 దగ్గర ఉంచితే బీరు తేలికగా, తీపి లేకుండా వస్తుంది. 69 దగ్గర ఉంచితే నోటికి నిండుగా, బరువుగా తగులుతుంది. ఆరు డిగ్రీల తేడాలో రెండు వేర్వేరు బీర్లు! ఆ తీపి రసాన్ని మరిగించి, చేదు కోసం హాప్స్ పూలు వేసి, 20 డిగ్రీలకు గబగబా చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. అక్కడి నుంచి పని ఈస్ట్‌ది, కాపలా మనిషిది. పులిసేటప్పుడు రసం తనంతట తానే వేడెక్కుతుంది. ఆ వేడి అదుపు తప్పితే ఘాటైన స్పిరిట్ వాసన వస్తుంది. ఈస్ట్ పని పూర్తికాకముందే చల్లార్చేస్తే వెన్న వాసన మిగులుతుంది. పులిసిన తర్వాత గాలి తగిలితే తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. శంఖాకారపు అడుగున పేరుకున్న ఈస్ట్‌ను కుళాయి తిప్పి తీసేయవచ్చు. మూత తెరవాల్సిన పని లేదు, గాలి సోకదు. రసం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ మొదట 1.050 చూపించి చివరకు 1.010కి దిగితే ఆల్కహాల్ సుమారు 5.2 శాతమని లెక్క.

ఈ పాత్రల వెనుక మహామహులున్నారు. 1876లో పాశ్చర్ బీరు మీద గ్రంథమే రాశాడు. మ్యూనిక్‌లో ఇంజనీరు లిండే తన శీతలయంత్రాన్ని మొదట పరీక్షించింది బీరు కోసమే. 1883లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో శాస్త్రవేత్త హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. ఆ విద్యను దాచుకోకుండా లోకానికి పంచిన ఔదార్యానికి చేతులెత్తి మొక్కాలి. ఇంట్లో బీరు చేసుకుంటూ నేర్చుకున్న కెన్ గ్రాస్‌మన్ 1980లో కాలిఫోర్నియాలో పాలడెయిరీల పాత తొట్లతో సియెర్రా నెవాడా బ్రూవరీ మొదలుపెట్టి, అమెరికా బీరు రుచినే మార్చేశాడు. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది నార్వే పల్లెల క్వైక్ ఈస్ట్. అక్కడి రైతులు దాన్ని చెక్క గొలుసుల మీద ఎండబెట్టి తరతరాలుగా కాపాడుకున్నారు. లార్స్ మారియస్ గార్షోల్ ఊరూరా తిరిగి ఆ విద్యను గ్రంథస్థం చేశాడు. మిగతా ఈస్ట్‌లు చేతులెత్తేసే 35, 40 డిగ్రీల వేడిలో కూడా అది శుభ్రంగా పులియబెడుతుంది. మే నెల భిలాయి ఎండలకు అంతకంటే తగిన ఈస్ట్ ఏముంటుంది?

ఇంత విద్య ఉన్న లోకంలో మన జనం తాగుతున్నదేమిటి? మన దేశంలో అమ్ముడయ్యే బీరులో సింహభాగం స్ట్రాంగ్ రకమే. మాల్ట్ ఖర్చు తగ్గించుకోవడానికి బియ్యమో చక్కెరో కలుపుతారు. రుచి నాలుకకు తెలియకుండా మంచుగడ్డలా చల్లబరిచి అమ్ముతారు. ఎంత త్వరగా తలకెక్కితే అంత గొప్ప! తెలుగునాట ఇంకా ఘోరం. చెట్టెక్కి ప్రాణాలు పణంగా పెట్టి గీసిన కల్లు పేరు చెప్పి, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లు పోస్తున్నారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగినవాళ్లలో కొందరి ప్రాణాలే పోయాయి. పులియబెట్టే విద్యకు ఇంతకంటే ద్రోహం ఉండదు. ఇటు బస్తర్‌లో కొత్తొక వింత, పాతొక రోత అయిపోయింది. పిల్లలు సీసా బీరు చేతపట్టుకుని, అమ్మమ్మ కుండవైపు చూడటానికి సిగ్గుపడుతున్నారు. లక్షలు పోసి మెరిసే యంత్రం కొనుక్కుని, డబ్బా సిరప్‌లో చక్కెర కలిపి, దాన్నే కళ అనుకునే షోకిల్లాల మీద కూడా నాకు కోపమే. తరవాణి కుండలో పులుపు ఎక్కడ ఆపాలో తెలిసిన మన నాయనమ్మలకున్న ఓపికలో పదో వంతు ఉన్నా వాళ్లు మంచి బీరు చేసేవారు.

బ్రిటన్ 1963లో ఇంట్లో బీరు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదన్నది. అమెరికా 1978లో చట్టం చేసింది. ఆ వెసులుబాటు వల్ల దేశమంతా తాగుబోతులపాలు కాలేదు. వేలకొద్దీ చిన్న బ్రూవరీలు పుట్టి, రుచి తెలిసి తాగే జనం పెరిగారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసులు సంప్రదాయ మద్యాన్ని సొంత వాడకానికి పరిమితంగా చేసుకోవచ్చునని చట్టమే ఒప్పుకుంది. ఆ న్యాయాన్ని ఇంకొంచెం ముందుకు నడిపించమని అడుగుతున్నాను. అమ్మకుండా, సొంతానికి, పరిమితంగా బీరు పులియబెట్టుకునే హక్కు అందరికీ ఇవ్వండి. లాందా చేసే స్త్రీలను నిపుణులుగా గుర్తించండి, వాళ్లను పిలిచి మన ఫుడ్ టెక్నాలజీ కళాశాలల్లో పాఠం చెప్పించండి. వాళ్ల కుండల్లోని ఈస్ట్‌ను, నార్వే క్వైక్‌ను కాపాడినంత శ్రద్ధగా భద్రపరచండి. కుండ చెప్పే పాఠం, స్టీలు పాత్ర చెప్పే పాఠం ఒకే తరగతిలో వినిపించిన రోజున, మన నేల మీద మనదైన బీరు పుడుతుంది. ఆ పని మొదలుపెట్టాల్సింది లాందా చేసే చేతులు ఇంకా ఉన్న ఈ తరంలోనే.