నిదానం నేర్చుకున్న చక్రాలు

ముందుమాట రాయమని వచ్చేవాళ్లు సాధారణంగా మొదటి అధ్యాయమూ చివరి అధ్యాయమూ చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఈ రచయిత్రి రాతప్రతి మొత్తం తెచ్చి ఇచ్చింది. "మాస్టారూ, నాలుగో అధ్యాయంలో లెక్కలు ఎక్కడైనా తప్పాయేమో చూడండి, పొగడ్తల సంగతి తరవాత" అంది. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన వాడికి ఇంతకంటే మర్యాదైన పిలుపు ఏముంటుంది? లెక్కలు చూశాను. ఒక్కచోట తప్ప అన్నీ సరిపోయాయి, ఆ ఒక్కటీ దిద్దుకుంది. కనుక ఇప్పుడు నిశ్చింతగా పొగడవచ్చు.

సంగతి ఇది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ ఊరికి ఆగ్నేయంగా, ఆల్ప్స్ కొండల మధ్య బూర్ ద్వాజాన్ అని ఒక చిన్న ఊరుంది. 1982 నుంచి ఏటా వేసవిలో అక్కడ లా మార్మోత్ అనే సైకిలు యాత్ర జరుగుతోంది. యాత్ర అన్నాను గాని, గడియారం పెట్టి నడిపే పరీక్ష అది. ఉదయం బయలుదేరి గ్లాందోన్ కనుమ ఎక్కాలి, మోరియెన్ లోయలోకి దిగాలి, తెలెగ్రాఫ్ ఎక్కాలి, కాస్త దిగి మళ్లీ 2642 మీటర్ల గాలిబియే ఎక్కాలి, అక్కణ్ణించి లొతారే మీదుగా బయలుదేరిన ఊరికే చేరి, చివరన ఆల్ప్ దుయెజ్ ఎక్కాలి. దూరం సుమారు 175 కిలోమీటర్లు. ఇది విని బ్రెవేలనే సుదూర సైకిలు యాత్రలు చేసే మన సోదరులు ఓస్ ఇంతేనా అనుకోవచ్చు, ఒక్క రోజులో 300 తొక్కేవాళ్లు విశాఖలోనూ హైదరాబాదులోనూ చాలామందే ఉన్నారు. ఇక్కడ కొలవవలసింది దూరాన్ని కాదు, ఎత్తును. ఎక్కుడంతా కలిపితే దాదాపు 5000 మీటర్లు. శృంగవరపుకోట దగ్గర కొండ అడుగున మొదలుపెట్టి గాలికొండ దాకా ఒకే రోజు నాలుగైదు సార్లు ఎక్కిదిగితే ఎంతో, సుమారు అంత.

దీనికి వెళ్లేది పోటీల మీద బతికే క్రీడాకారులు కారు. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లవలసినవాళ్లు. విశాఖ నుంచి అక్కడికి వెళ్లిన మన పుస్తకంలోని నలుగురూ అటువంటివాళ్లే. రచయిత్రి తన తోటివాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు. పళ్ల డాక్టరు, బ్యాంకాయన, డ్రిల్లు మాస్టారు అంటూ వృత్తులతోనే పిలుస్తుంది. తనకు తాను పెట్టుకున్న పేరు 'వెనకమనిషి'. ఎప్పుడూ అందరికంటే వెనక ఉంటుందిట. ఈ పుస్తకం బలమంతా ఆ చూపులోనే ఉంది. ముందుపోయేవాడికి రోడ్డు కనబడుతుంది, వెనక వచ్చే మనిషికి రోడ్డుతోపాటు ముందువాళ్ల తప్పులన్నీ కనబడతాయి.

ఈ రకం పుస్తకాలు నేను కొన్ని చదివాను. పట్టుదల, సంకల్పం, కొండను జయించడం, ఇవే మాటలు. కొండ ఎవరికీ ఓడదు, అది అక్కడే ఉంటుంది. ఈ అమ్మాయి ఆ దారి పట్టలేదు. కొండ మీద సైకిలు తొక్కడమంటే తనను తాను పట్టి ఆపుకోవడం నేర్వడమే అని ఆమె గ్రహించింది. పుస్తకంలో మూడు వంతులు ఆ నేర్పు ఎలా వచ్చిందో చెప్పడానికే ఖర్చయింది. అసలు యాత్ర జరిగిన రోజుకు దక్కినవి ముప్పై పేజీలు. ఈ పాళ్లు నాకు నచ్చాయి.

ఆ నాలుగో అధ్యాయం సంగతి చెప్తాను. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. ఆ బరువును 5000 మీటర్లు పైకి మోయడానికి కావలసిన శక్తి సుమారు 39 లక్షల జౌళ్లు, అంటే దాదాపు 940 కెలోరీలు. ఇంతేనా అనిపిస్తుంది. కాని మన కండరాలు తిన్నదాంట్లో నాలుగో వంతుకు కాస్త తక్కువే పనిగా మారుస్తాయి, మిగతాది వేడిగా పోతుంది. ఆ లెక్కన ఎక్కడానికే నాలుగు వేల కెలోరీలు కావాలి. గాలితో పెనుగులాటా, లోయలో తొక్కుడూ దీనికి అదనం. ఒంట్లో చక్కెర రూపంలో దాచుకోగలిగింది మహా అయితే రెండు వేల కెలోరీలు. కొవ్వు కావలసినంత ఉంది గాని, అది తాపీగా మాత్రమే మండుతుంది. ఒగర్చుకుంటూ తొక్కితే ఒళ్లు కొవ్వును వదిలి చక్కెర మీద పడుతుంది. పొద్దున గ్లాందోన్ మీద, చుట్టూ వేలమంది, కాళ్లు తాజాగా ఉన్న వేళ, పక్కవాడి వెంటపడి పదిహేను నిమిషాలు ముందుగా పైకి చేరామనుకోండి. ఆ బాకీ సాయంత్రం ఆల్ప్ దుయెజ్ మీద వడ్డీతో సహా కట్టాలి. మన కుర్రవాళ్లు 'బాంక్ అయ్యాను' అనేది ఈ స్థితినే. కాళ్లు నొప్పి పుట్టవు, ఊరికే పనిచేయడం మానేస్తాయి.

ఇంత స్పష్టంగా ఈ విషయాన్ని తెలుగులో రాసినవాళ్లను నేను చూడలేదు. ఇంటర్మీడియెట్ పిల్లలకు శక్తి నిత్యత్వం చెప్పే మాస్టర్లు ఈ అధ్యాయాన్ని తీసుకుని తరగతిలో చదివితే బాగుంటుంది.

ఇక సాధన. సముద్రమట్టాన, చెమట ఆరని ఊళ్లో ఉంటూ ఆల్ప్స్‌కు ఎలా సిద్ధపడతారు? మామూలు రోజుల్లో తెల్లారుజామున సింహాచలం ఘాట్ రోడ్డు, ఆదివారం అరకు దారి. అనంతగిరి కాఫీ తోటల నీడ గురించి ఆమె రాసిన పేజీలు చదువుతుంటే నాకు కూడా ముసలితనం మరిచిపోయి సైకిలు తీయాలనిపించింది. ఆ దారిని ఆమె ఊరికే పొగిడి వదల్లేదు. ఎనిమిది దాటితే పర్యాటకుల కార్లు, మలుపు మలుపునా హారన్లు, వెదురులో కోడిమాంసం వండే పొగ, ఎగువన రోడ్డు పక్క కోతులు, అన్నీ చెప్పింది. ముఖ్యమైన లోపం కూడా చెప్పింది. మన ఘాట్ వాలు నెమ్మది. వంద మీటర్లు ముందుకు పోతే నాలుగు మీటర్లో ఎంతో పైకి లేస్తాం. ఆల్ప్ దుయెజ్ 13.8 కిలోమీటర్ల పొడవునా సగటున వందకు ఎనిమిది మీటర్లు లేస్తుంది, మొదటి మలుపుల దగ్గర పది దాటుతుంది. ఆ వాలు మీద కాలు ఆపితే సైకిలు ఆగిపోతుంది, దొర్లించుకుంటూ పోయే వీలే లేదు. అందుకని వీళ్లు నిటారు ముక్కలు వెతుక్కుని, అదే ముక్క మీద ఎక్కుతూ దిగుతూ గంటలు గడిపారు. చూసేవాళ్లకు పిచ్చివాళ్లలా కనబడి ఉంటారు. ఒక టీ కొట్టాయన వీళ్లను ఆపి, "ఏటమ్మా, ఏటైనా పోయిందేటి, ఎతుకుతున్నారా?" అని అడిగాడట.

పల్చని గాలి ఒక్కటే ఇక్కడ సాధన చేయలేనిది. గాలిబియే శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే నాలుగో వంతుకు పైగా తక్కువ. ఊపిరికి అందే ఆక్సిజనూ అంతే తక్కువ. విశాఖలో హాయిగా అనిపించిన వేగం అక్కడ ఆయాసం పుట్టిస్తుంది. దానికి మందు మళ్లీ నిదానమే అని రచయిత్రి తీర్మానం. నేనూ ఒప్పుకుంటాను.

గేర్ల అధ్యాయంలో ఆమె నా మనసు దోచింది. ముందు పళ్లచక్రం 34, వెనకది కూడా 34 అయితే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగానికి నిమిషానికి అరవై పైచిలుకు తొక్కుళ్లు పడతాయి, మోకాళ్లు బతికిపోతాయి. వెనక 28 పళ్లే ఉంటే అదే వేగానికి నిమిషానికి యాభై పైచిలుకు, ప్రతి తొక్కుడూ బరువు. డ్రిల్లు మాస్టారు 28 చాలునని మొండికేశాడు. పెద్ద పళ్లచక్రం ఆడవాళ్లకూ ముసలివాళ్లకూ అన్నాడు. ఆ వాదన ఎలా తేలిందో పుస్తకంలో చదవండి, మోకాళ్ల డాక్టరు కూడా వస్తాడు.

ఈ మొండితనానికి పెద్ద చరిత్రే ఉంది. టూర్ ద ఫ్రాన్స్ స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్ గేరు మార్చే యంత్రమంటే గిట్టనివాడు. కండబలమే గెలవాలని ఆయన పంతం. 1911లో తొలిసారి గాలిబియే మీదుగా పందెం సాగినప్పుడు, మొదట పైకి చేరిన ఎమీల్ జోర్జేకు ఈనాటి గేర్ల సౌకర్యమేదీ లేదు. అప్పటి దారి శిఖరానికి కాస్త దిగువన సొరంగం గుండా వెళ్లేది. అయినా కాలు నేల మోపకుండా ఎక్కినవాళ్లు ఆనాడు వేళ్ల మీద లెక్కకొచ్చేంతమందే. గేరు మార్చే యంత్రాన్ని టూర్‌లో అనుమతించింది 1937లో, దెగ్రాంజ్ పక్కకు తప్పుకున్న తరవాత. ఆయన స్మారక స్తంభం 1949 నుంచి గాలిబియే మీదే ఉంది. దాని ముందునుంచి ఇవాళ వేలమంది గుమాస్తాలూ టీచర్లూ 34 పళ్ల చక్రాలు తిప్పుకుంటూ పోతున్నారు. ఆయన చూస్తే ఏమనేవాడో గాని, నాకు మాత్రం ఆ దృశ్యం ముచ్చటగా ఉంది.

తిండి అధ్యాయం చదివి మా ఇంటావిడ ఈ పుస్తకం పక్షం చేరిపోయింది. గంటకు అరవై గ్రాముల పిండిపదార్థం నోట్లో వేసుకోవాలని శాస్త్రం. దాని కోసం జెల్ పొట్లాలు అమ్ముతారు. వరసగా ఆరేడు మింగేసరికి ఈ నలుగురిలో ముగ్గురికి కడుపు తిరగబడింది. అప్పుడు రచయిత్రి చింతపండు పులిహోరను చిన్న ముద్దలుగా చేసి రేకు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. అన్నంలో పిండి ఉంది, ఉప్పు ఉంది, పులుపుకు నోరూరుతుంది, పాడవదు. చల్లటి కొండగాలిలో, వాల్వార్ ఊరు దాటి గాలిబియే ఎక్కుతూ ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చేత్తో పులిహోర తిన్న మనిషి ఈమెకు ముందు ఎవరైనా ఉన్నారా అని నా సందేహం. పోపులో పల్లీలు తగ్గించమంటుంది. కొవ్వు అరగడానికి ఆలస్యమట, పైగా ఆయాసంలో గొంతుకు అడ్డం పడతాయట.

దిగుడు గురించి మన సైకిలువాళ్లు ఎవరూ సరిగా ఆలోచించరు. ఎక్కేటప్పుడు దాచుకున్న శక్తంతా దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి కదా. కొంత గాలికి పోతుంది, మిగతాది బ్రేకుకు. భయపడి బ్రేకు నొక్కి పట్టి దిగేవాళ్లకు చక్రం అంచు కాలిపోయి ట్యూబు పేలిన సందర్భాలున్నాయి. గట్టిగా నొక్కి వదిలి, మళ్లీ నొక్కి వదలాలి. గ్లాందోన్ దిగుడు ఎంత ప్రమాదమంటే, అక్కడ ఎవరూ తొందరపడకుండా ఆ భాగపు సమయాన్ని నిర్వాహకులు లెక్కలోంచి తీసేస్తూ వచ్చారు. ఇంత తెలివైన నియమం మన ఘాట్ రోడ్ల మీద బండ్లు తోలేవాళ్లకూ ఎవరైనా కనిపెడితే బాగుణ్ణు.

ఇక అసలు రోజు. లోయలో ఎదురుగాలికి గుంపు వెనక దాక్కోవడం, తెలెగ్రాఫ్ అడవి నీడ, గాలిబియే పైన మంచు గోడ, ఇవన్నీ ఆమే చక్కగా రాసింది, నేను తిరిగి చెప్పడం అనవసరం. ఒక్క చోట మాత్రం ఆగుతాను. లొతారే నుంచి దిగివచ్చిన దారి మళ్లీ బూర్ ద్వాజాన్ ఊళ్లోకే చేరుతుంది. అప్పటికి 160 కిలోమీటర్లు అయిపోయాయి. మధ్యాహ్నపు ఎండ కొండగోడకు కొట్టి మీద పడుతుంది. పొద్దున వదిలి వచ్చిన గది అక్కడే ఉంది, స్నానం ఉంది, మంచం ఉంది. ఎదురుగా 21 మలుపులు. మలుపులకు కింది నుంచి పైకి 21, 20, 19 అని తగ్గుతూ అంకెలు వేశారు. ఒక్కొక్క పలక మీద టూర్ ద ఫ్రాన్స్‌లో ఇక్కడ గెలిచిన వీరుల పేర్లున్నాయి, 1952లో మొట్టమొదట గెలిచిన ఫౌస్తో కొప్పి మొదలుకొని. ఈ యాత్రకు దారి గీసిన మహానుభావుడు మనిషి మనస్సు చదివినవాడై ఉండాలి. ఏ అడవిలోనో ఆగాలంటే ఎవరికైనా సిగ్గేస్తుంది, గది గుమ్మం ముందు ఆగడానికి ఎన్ని కారణాలైనా దొరుకుతాయి.

బ్యాంకాయన అక్కడే ఆగిపోయాడు. ఆ నలుగురిలో కాళ్ల బలం ఎక్కువ ఆయనకే. గ్లాందోన్ పైకి అందరికంటే ముందు చేరిందీ ఆయనే. ఈ సంఘటనను రచయిత్రి రాసిన తీరు పుస్తకానికి తలమానికం. జాలి పడలేదు, నీతి తీయలేదు. ఆయన చెట్టు నీడన కూర్చుని బూట్లు విప్పుకోవడం, తన దగ్గర మిగిలిన నీళ్లసీసా ఆమె చేతికిచ్చి "మీరు పోండి, నాకు సరిపోయింది" అనడం, తరవాత ఆమె పైకి సాగిపోవడం, అంతే. ఇటువంటి సంయమనం కాళ్లకే కాదు, కలానికి కూడా అలవాటు చేసుకుందని సంతోషించాను. ఆమె ఎన్ని గంటల్లో ముగించిందో చివర ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ అంకె నేనిక్కడ బయటపెట్టను.

పెద్దవాణ్ణి కనుక రెండు మాటలు కఠినంగా అనే హక్కు తీసుకుంటాను. సైకిలు ధరల గురించిన అధ్యాయం మరీ పొడవు. కార్బన్ ఫ్రేముకూ అల్యూమినియం ఫ్రేముకూ ఉన్న కిలో తేడా 80 కిలోల మొత్తంలో ఎంత చిన్నదో ఆమె లెక్కే చెబుతున్నప్పుడు, ఆ పదిహేను పేజీల తర్జనభర్జన ఎందుకు? రెండోది, సాధన కాలంలో ఇల్లు ఎవరు చూసుకున్నారన్న సంగతి ఒక పేరాతో దాటేసింది. ఆదివారాలన్నీ ఘాట్ మీద గడిస్తే ఇంట్లో బట్టలు ఎవరు ఉతికారు, పిల్లవాడి లెక్కల హోంవర్కు ఎవరు చూశారు? ఆ భర్తగారి మాట కూడా ఒక అధ్యాయంగా ఉంటే చదవాలని ఉంది. అడిగితే నవ్వి ఊరుకుంది.

పుస్తకంలో దారి పటం ఉంది గాని, ఎక్కుడు దిగుళ్ల రేఖాచిత్రం లేదు. దూరం అడ్డంగా, ఎత్తు నిలువుగా గీసిన ఒక్క బొమ్మ చూస్తే నాలుగు కొండల సంగతి పాఠకుడికి వెంటనే తెలుస్తుంది. గీసి పంపిస్తానని ప్రచురణకర్తకు చెప్పాను. గ్రాఫు కాగితం కొనుక్కొచ్చాను కూడా. అచ్చుకు వెళ్లేలోగా అందితే తొమ్మిదో పేజీకి ఎదురుగా వేస్తారు.