ఎం.ఐ.టి.ని ఓడించినోళ్లకేనా చదువు?

'స్పేర్ పార్ట్స్' సినిమా 2015లో వచ్చింది. దర్శకుడు షాన్ మెక్‌నమారా. జాషువా డేవిస్ పత్రికా వ్యాసం దానికి ఆధారం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరం. కార్ల్ హేడెన్ ప్రభుత్వ హైస్కూలు పిల్లలు నలుగురు మెక్సికోలో పుట్టి చిన్నతనంలోనే వచ్చినవాళ్లు. కాగితాల్లేని బతుకులు. 2004లో నీటి అడుగున పనిచేసే రోబోల పోటీలో, పీవీసీ పైపులతో చేసిన రోబోతో ఎం.ఐ.టి. జట్టును ఓడించారు. ఇది జరిగిన కథే. చూస్తుంటే మాకూ కళ్లు చెమర్చాయి. మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కింది మేమే మొదలు గదా. కానీ కళ్లు తుడుచుకున్నాక ఒక ప్రశ్న మిగిలింది. ఆ పిల్లలు ఓడిపోయి ఉంటే, వాళ్లకు చదువుకునే హక్కు లేనట్టేనా?

సినిమాకు ఆ గెలుపే శిఖరం. అసలు గోడ దాని తర్వాతే ఉంది. కాగితాల్లేవని పిల్లల్ని ప్రభుత్వ బడికి రానీయకపోవడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో, ప్లైలర్ వర్సెస్ డో కేసులో తీర్పిచ్చింది. ఆ తీర్పు పన్నెండో తరగతి దగ్గరే ఆగింది. కాలేజీకొస్తే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పూ లేదు, అప్పూ లేదు. మన దగ్గర లోకల్, నాన్‌లోకల్ ఉన్నట్టే అక్కడ ఫీజులో తేడా ఉంది. 2006 నవంబరులో అరిజోనా ఓటర్లలో నూటికి 71 మంది 300వ ప్రతిపాదనకు ఓటేసి ఈ పిల్లలకు లోకల్ ఫీజునూ, రాష్ట్ర సాయాన్నీ తీసేశారు. ఫీజు దాదాపు మూడు రెట్లయింది. ఎం.ఐ.టి.ని ఓడించిన నలుగురిలో ఒకరు ఆ ఫీజు కట్టలేక చదువు మానేశారు. ఇంకొకరు 2009లో ఇంజనీరింగ్ పూర్తిచేసి, కాగితాలు సరిచేసుకుందామని తనంతట తానే మెక్సికో వెళితే, పదేళ్లు తిరిగి రాకూడదన్నారు. 2010లో మినహాయింపు దొరికి వచ్చి, తర్వాత సైన్యంలో చేరారు.

అంటే ప్రతిభ వాళ్లను కాపాడలేదు. చట్టం అడిగింది ప్రతిభను కాదు, కాగితాన్ని. సినిమా మాత్రం ప్రతిభను చూసి జాలిపడమంటుంది. నిజంలో ఆ పిల్లలతో పనిచేసింది ఇద్దరు టీచర్లు. సినిమా ఇద్దర్నీ కలిపి ఒక్క హీరోని చేసింది. దాంతో రాజ్యం చేసిన అన్యాయం పక్కకు పోయి, ఒక మంచి మాస్టారు చేసిన మేలు ముందుకొచ్చింది.

ఈ లోపం ఒక్క సినిమాదే కాదు. 2001లో మొదలై 2010 డిసెంబరులో సెనేట్‌లో 60 ఓట్లు కావాల్సినచోట 55 దగ్గర ఆగిపోయిన డ్రీమ్ బిల్లుకైనా, 2012 నాటి డాకాకైనా వినిపించిన వాదన ఒకటే: 'పాపం, పిల్లల తప్పేముంది?' ఈ మాటలో దయ ఉంది. తప్పు తల్లిదండ్రులదన్న నిందా ఉంది. పొలంలో, వంటింట్లో, కట్టడాల మీద వంగిన నడుములు నేరస్థులయ్యాయి. వాళ్ల బిడ్డ మాత్రం, ఫస్టుమార్కులొస్తే, మంచివాడు. ఈ మాట మాకు కొత్త కాదు. 'నువ్వు మీవాళ్లలాంటోడివి కాదబ్బా' అని మెచ్చుకుంటూ మావాళ్లందర్నీ ఒక్క మాటతో తిట్టడం మేము హాస్టల్లోనూ విన్నాం, సెమినార్లలోనూ విన్నాం. 1990లో మండల్ వ్యతిరేకులు ఎత్తిన మెరిట్ జెండా కూడా ఈ గుడ్డతో కుట్టిందే.

అట్లాగని వాళ్ల బాధా మా బాధా ఒకటే అనడం లేదు. మాకు రాజ్యాంగం ఉంది, 15(4) అధికరణం ఉంది. కుల సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినా చివరికి ఒక కాగితం చేతికొస్తుంది. వాళ్లకు తిరగడానికి ఆఫీసే లేదు. ఆఫీసుకు పోతే పట్టుకుంటారేమోనన్న భయం ఉంది.

2022లో అరిజోనా ఓటర్లే 308వ ప్రతిపాదనతో లోకల్ ఫీజును తిరిగి ఇచ్చారు, అదీ బొటాబొటి మెజారిటీతో. 2001 నుంచీ ఆ ఫీజు ఇస్తున్న టెక్సాస్‌లో మాత్రం, 2025 జూన్‌లో కేంద్రం దావా వేసిన రోజే రాష్ట్రం తలూపింది, ఆ చట్టం పోయింది. ఓటుతో వచ్చింది ఓటుతో పోవచ్చు, సంతకంతోనూ పోవచ్చు. అందుకే దయ చాలదు, హక్కు కావాలి. రోబో చెయ్యలేని పిల్లకూ, సెకండ్‌క్లాసులో పాసైన పిల్లాడికీ కాలేజీ తలుపు తెరవాలని అడిగే సినిమా ఇంకా రావాల్సే ఉంది.