కుప్పం ప్రయోగం: ఒక వ్యాసంపై విమర్శ

విద్యార్థులారా! సమాచార నిర్వహణ సూత్రాలను గత పాఠంలో చదివారు. ఇప్పుడు మన ప్రాంతం గురించే వెలువడిన ఒక వ్యాసాన్ని ఆ సూత్రాలతో పరిశీలిద్దాం.

హ్యూలెట్-పాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 2002లో కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అనే మూడేళ్ల పథకం ప్రారంభించింది. ప్రజల కోసం సమాచార కేంద్రాలు తెరిచారు. దీనిపై డెబ్రా డన్, కీత్ యమషిత రాసిన వ్యాసం 2003 ఆగస్టులో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో అచ్చయింది. పల్లెకు మేలు చేస్తూనే పెద్ద సంస్థ కొత్త మార్కెట్టును తెలుసుకోగలదన్నది వారి వాదం.

ఇందులో మెచ్చదగినవి రెండున్నాయి. కంప్యూటర్లు ఇచ్చి ఊరుకోక, ప్రజల అవసరాలను, ప్రభుత్వాన్ని, స్థానిక సంస్థలను ఒకే వ్యవస్థగా చూశారు. సౌరశక్తితో నడిచే కెమెరా, ప్రింటర్లతో గ్రామీణ మహిళలు ఫొటోలు తీసి సంపాదించిన ఉదాహరణలో సాంకేతికతకూ రాబడికీ సంబంధం తేటగా కనిపిస్తుంది.

అయితే ప్రధాన లోపం కాలానికి సంబంధించినది. మూడేళ్ల పథకం సగంలో ఉండగానే వ్యాసం వచ్చింది. పథకాన్ని స్థానికులకు అప్పగించే చివరి దశ అప్పటికింకా రాలేదు. పైగా రచయితల్లో ఒకరు ఆ సంస్థ ఉన్నతాధికారి. కాబట్టి ఇది పథక రూపకల్పనకు సాక్ష్యం, ఫలితానికి కాదు. తరగతిలో దీన్ని విజయగాథగా చదివితే, ప్రణాళికనే ఫలితంగా పొరబడతాం.

రెండో లోపం కొలమానానిది. ఎన్ని కేంద్రాలు తెరిచామన్నది సరఫరా లెక్క. సమాచారం వల్ల ఎవరి నిర్ణయం మారిందన్నదే అసలు లెక్క. రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన కేరళ మత్స్యకారుల అధ్యయనం ఇందుకు మంచి నమూనా. సెల్‌ఫోన్లు రాకముందూ వచ్చాకా రేవుల్లో చేపల ధరలను ఆయన పోల్చారు. రేవు రేవుకూ ఉండే ధరల తేడా తగ్గింది, అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయి. పడవ సముద్రంలో ఉండగానే ధర తెలిసింది. రేవు మార్చుకునే వీలుంది.

ఇదే పరీక్ష మదనపల్లె టమోటా మార్కెట్టుకు పెట్టండి. పుంగనూరు రైతు కాయ కోయించి, క్రేట్లకెత్తి, బాడుగ బండిలో మండీకి చేర్చాడనుకుందాం. వేలంపాట ధర అక్కడ తెలిస్తే ఏం లాభం? కూలి, బాడుగ అప్పటికే ఖర్చయ్యాయి. సరుకు వెనక్కి తీసుకుపోతే మెత్తబడుతుంది. అదే ధర కోతకు ముందురోజు తెలిస్తే కోత ఆపడమో, మరో మార్కెట్టుకు పంపడమో ఆలోచించవచ్చు. అదికూడా పండు ఆగే దశలో ఉంటే, బండి దొరికితేనే. అందుకే రవాణా, నిల్వ, కోత సమయం వంటి కార్యకలాపాల నిర్వహణను వదిలేసి సమాచార నిర్వహణను విడిగా బోధించడం సరికాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థులు ప్రాజెక్టు నివేదికల్లో 'రైతులకు సమాచారం అందించాలి' అని ముగించకండి. ఏ సమాచారం, ఏ గంటకు, ఏ నిర్ణయం కోసం, పథకం ముగిశాక ఎవరి ఖర్చుతో అన్నది రాయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఊరి టమోటా రైతు కోతకు ముందు తీసుకునే మూడు నిర్ణయాలు గుర్తించండి. ఒక్కోదానికి కావలసిన సమాచారం ఏమిటో, దాన్ని ఆచరణలో పెట్టడానికి ఉన్న ఆటంకాలేమిటో వివరించండి.